బరువు మార్చుకొను డంబెల్లు: కొంత చరిత్ర

విజయనగరమునకు 1520 ప్రాంతమున వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయిస్ శ్రీకృష్ణదేవరాయల దినచర్యను వ్రాసి పెట్టినాడు. తెల్లవారకమునుపే రాయలు కొంత నువ్వుల నూనె త్రాగి, అదే నూనెను ఒడలెల్ల పట్టించుకొని, చిన్న గోచి బిగించి, మట్టితో చేసిన పెద్ద బరువులను చేతులలోనికి తీసికొనెడివాడట. పిమ్మట కత్తి సాము. త్రాగిన నూనె యంతయు చెమటయై వెలువడు వరకు ఆ సాము సాగెడిది. ఆపైన ఒక మల్లునితో కుస్తీ, గుఱ్ఱపు స్వారీ, తెల్లవారిన పిదప స్నానము. ఆముక్తమాల్యద వ్రాసిన చేయి ప్రతిదినము ఉదయము మట్టి బరువులు ఎత్తిన చేయి యని తలచుకొనుట తెలుగు వారికి సంతోషము కలిగించు విషయమే.

ఈ వృత్తాంతము మనకు దక్కిన తీరు కూడ చెప్పుకొనదగినది. పేయిస్ వ్రాతప్రతి ప్యారిస్ జాతీయ గ్రంథాలయములో ఉండగా, 1897లో లిస్బన్ నగరమున అది పోర్చుగీసు భాషలో అచ్చుపడెను. 1900లో రాబర్ట్ స్యూయెల్ దానిని ఇంగ్లీషు చేసి తన విజయనగర చరిత్రకు జతపరచెను. స్యూయెల్ మదరాసు సివిలు సర్వీసులోని ఉద్యోగి, బళ్ళారిలో కలెక్టరు పని చూచినవాడు. కాగితముల కట్టల నడుమ కూర్చుండియు చరిత్ర వ్రాయుటకు తీరిక చేసికొన్న వారు ఆనాటి ఉద్యోగులలోను ఉండిరి.

రాయలకు బరువు చాలకపోయిన కుమ్మరి మరియొకటి చేసి తెచ్చును. రాజగృహములో స్థలమునకు కొదవ లేదు, మోయువారికి కొదవ లేదు. సామాన్య గృహస్థుని సంగతి వేరు. రెండు గదుల సర్కారు క్వార్టరులో మంచము, బీరువా, పిల్లల పుస్తకముల బల్ల పోగా మిగులు చోటు ఒక చాప వెడల్పు. అక్కడ పది జతల ఇనుప గుండ్లు పెట్టుకొనుట కలలోని మాట. ఒకే జత ఉండవలెను, అది నేడు తేలికగాను రేపు బరువుగాను ఉండవలెను. ఈ చిన్న కోరిక తీరుటకు మానవునికి మిక్కిలి దీర్ఘకాలము పట్టినది.

నిజమునకు ఆ కోరికకు మొదటి సమాధానము మన దేశములోనే కనబడుచున్నది. పశ్చిమ చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసములో మల్లవినోదమునకు ప్రత్యేక ప్రకరణము కలదు. మల్లులు చేయవలసిన సాధనలలో భారశ్రమ యనునది ఒకటి. ఇసుక నింపిన గోనెను ఎత్తుట దాని పద్ధతి. ఇసుక తీసివేసిన తగ్గును, పోసిన పెరుగును. ఇంతకంటె చవుకయైన, ఇంతకంటె సూక్ష్మముగా మార్చుకొనదగిన బరువు నేటి వరకు ఏ కార్ఖానా నుండియు వెలువడలేదని చెప్పినను తప్పు లేదు.

అయినను మన గ్రామములలో పేరు పొందినది ఇసుక గోనె కాదు, రాయి. ఉత్తరాంధ్రలో సంగిడి పోటీలు నేటికిని జరుగుచున్నవి. రచ్చబండ దగ్గరనో, తాలింఖానా వాకిటనో పడియుండు గుండును ఎత్తినవాడు మగవాడు, ఎత్తలేనివాడు నవ్వులపాలు. రాయి బరువు మారదు, మారవలసినది మనిషియే. రాయి పరీక్ష పెట్టును గాని పాఠము చెప్పదు. పుట్టుకతో బలిష్ఠుడైనవానికి అది కీర్తిని ఇచ్చినది. బక్కపలుచని బాలుడు ఒకసారి ప్రయత్నించి, పదిమంది నవ్వగా ఇంటికి పోయి, మరల అటు చూడలేదు. శ్రీకాకుళము సీమలోని వీరఘట్టమున జన్మించి, విజయనగరమున వ్యాయామ ఉపాధ్యాయుడై, తరువాత సర్కస్ కంపెనీ నడిపి, ఇనుప గొలుసులు తెంచి, ఏనుగును రొమ్ముపై నిలిపి, ఇండియన్ హెర్క్యులస్ అనిపించుకొన్న కోడి రామమూర్తి నాయుడు (మరణము 1942) వంటివారి గాథలు మనకు గర్వకారణములే. కాని వానిని విన్న గుమాస్తా రేపు ఉదయము తాను ఎన్ని కిలోలతో మొదలుపెట్టవలెనో ఆ గాథలు చెప్పవు.

గ్రీసు దేశమున హాల్టేరెస్ అను చేతిబరువులు ఉండెడివి. రాతితోనో సీసముతోనో చేసిన వానిని రెండు చేతులతో పట్టుకొని దూరము దుమికెడివారు. క్రమముగా అవి వ్యాయామ సాధనములైనవి. క్రీ. శ. 2వ శతాబ్దికి చెందిన వైద్యుడు గేలెన్ ఆరోగ్యరక్షణ గ్రంథములో వానితో చేయు అభ్యాసములను వర్ణించెను. అంతకు కొంచెము ముందుగా రోమునగరపు కవి మార్షియల్ మాత్రము వానిని ఎత్తుట కండలను వృథా చేయుట యనియు, అంతకంటె ద్రాక్షతోట త్రవ్వుట మేలనియు ఎగతాళి చేసెను. వ్యాయామమును చూచి పొలము పనికి పొమ్మను పెద్దలు మన ఊళ్ళలోనే గాక రోములోను ఉండిరన్నమాట. సిసిలీ ద్వీపములో 4వ శతాబ్ది నాటి ఒక భవనపు నేలపై రంగురాళ్ళ చిత్రమున ఒక యువతి చేతులలో ఇట్టి బరువులు కనబడుచున్నవి. ఈ సాధనము పురుషులకే పరిమితమను భావము తరువాతి కాలపుదని ఆ చిత్రము తెలుపును.

ఇక డంబెల్ అను పేరు. ఈ ఇంగ్లీషు మాటకు మూగ గంట యని అర్థము. చర్చి గంటలు మోగించుటకు త్రాళ్ళు లాగువారి భుజములు బలపడుట చూచి, గంట లేకుండ త్రాడును బరువును మాత్రము గదిలో అమర్చుకొని లాగెడివారు. మ్రోత లేదు గనుక మూగ గంట. జోసెఫ్ ఆడిసన్ 1711లో స్పెక్టేటర్ పత్రికలో తాను ప్రతిదినము ఉదయము గదిలో మూలనున్న మూగ గంటతో గంటసేపు శ్రమించు సంగతి వ్రాసినాడు. అదే వ్యాసములో రెండు చేతులలో సీసము దిగవేసిన పొట్టి కర్రలు పట్టుకొని గాలితో యుద్ధము చేయు మరియొక అభ్యాసమును కూడ పేర్కొనెను. కాలక్రమమున మొదటిదాని పేరు రెండవదాని వంటి సాధనమునకు స్థిరపడినది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1772లో కుమారునికి వ్రాసిన లేఖలో డంబెల్లును నలుబది సార్లు ఊపినచో నాడి నిమిషమునకు అరువది నుండి నూటికి పెరిగినదని గడియారము చూచి లెక్కించి చెప్పెను. ఆడిసన్, ఫ్రాంక్లిన్ ఇరువురును కలము పట్టి జీవించినవారే, బల్ల యొద్ద కూర్చుండి పనిచేసినవారే. ఇంటి వ్యాయామము మల్లుల నుండి గాక వ్రాతగాండ్ర నుండి వ్యాపించినదనుట ఉద్యోగులకు మరువరాని విషయము.

19వ శతాబ్దిలో మన ముద్గరములు ఇంగ్లండు చేరెను. ఇక్కడి సిపాయిలు త్రిప్పు కర్రలను చూచి తెల్ల అధికారులు నేర్చుకొనగా, ఇండియన్ క్లబ్బులను పేరుతో అవి ఐరోపాలోను అమెరికాలోను వాడుకలోనికి వచ్చెను. బోస్టన్ నగరమున డయో లూయిస్ అను ఆయన 1862లో ఒక గ్రంథము ప్రకటించి, స్త్రీలు, బాలురు, వృద్ధులు అందరును చేయదగిన వ్యాయామమునకు తేలికైన కొయ్య డంబెల్లులే చాలునని బోధించెను. అదే నగరమున డాక్టరు జార్జి బార్కర్ విండ్‌షిప్ అందుకు విరుద్ధముగా ఎంత బరువెత్తిన అంత ఆరోగ్యమని వాదించి, భుజములపై పట్టీలు తగిలించుకొని వేయి పౌన్లకు పైబడిన బరువులు లేవనెత్తి సభలలో చూపెడివాడు.

ఈ వివాదములో జయాపజయముల మాట ఎట్లున్నను, విండ్‌షిప్ ఒక ఉపకారము చేసెను. 1865లో ఆయన క్రమముగా బరువు పెంచుకొను డంబెల్లుకు పేటెంటు పొందెను. 8 పౌన్ల నుండి 100 పౌన్లకు పైగా, అర పౌను చొప్పున దానిని మార్చుకొనవచ్చును. అర పౌను అనగా సుమారు పావు కిలో. నూటయరువది ఏండ్ల నాడే అంత సూక్ష్మమైన మెట్టు గురించి ఆలోచించినవాడు వైద్యుడగుట యాదృచ్ఛికము కాదు. మందు మోతాదును కొలుచు చేయి బరువును కూడ కొలిచినది. దురదృష్టవశమున విండ్‌షిప్ 1876లో నలుబది రెండేండ్ల వయసుననే మరణించెను. అంత బరువులు ఎత్తుట వలననే చనిపోయెనని జనులు నిశ్చయించుకొనిరి. దానితో బరువుల మీద భయము పట్టుకొని, తేలికపాటి కొయ్య డంబెల్లులే మరికొంతకాలము రాజ్యమేలెను.

ఆ భయమును పోగొట్టినవాడు యూజెన్ శాండో. ప్రష్యాలో 1867లో పుట్టి, 1889లో లండన్ రంగస్థలముపై పేరు సంపాదించిన ఈ బలశాలి, అందమైన శరీరమును చూపి జనులను ఆకర్షించుటలో సిద్ధహస్తుడు. 1901లో లండన్ ఆల్బర్టు హాలులో ఆయన జరిపిన దేహసౌష్ఠవపు పోటీకి షెర్లాక్ హోమ్స్ కథల రచయిత ఆర్థర్ కానన్ డాయిల్ ఒక న్యాయనిర్ణేత. 1904, 1905 సంవత్సరములలో శాండో మన దేశమున పర్యటించెను. తరువాత చాలాకాలము మన పట్టణములలో కండలు తిరిగిన కుర్రవానిని శాండో యని పిలుచుట పరిపాటియయ్యెను. చేతులు లేని బనియనుకు శాండో బనియను అను పేరు నేటికిని అంగళ్ళలో వినబడుచున్నది.

శాండో అమ్మిన డంబెల్లు విచిత్రమైనది. పిడి నిలువుగా రెండు చెక్కలై, నడుమ స్ప్రింగులు ఉండును. చెక్కలు రెండును కలియునట్లు పిడికిలి బిగించి పట్టుకొనియే అభ్యాసము చేయవలెను. బలము పెరిగిన కొలది స్ప్రింగుల సంఖ్య పెంచుకొనవచ్చును. ఇందు మారునది బరువు కాదు, పిడికిలి బిగింపు మాత్రమే. పోస్టులో పంపుటకు తేలిక, ప్రకటనలకు అనుకూలము. శాండో తాను పెద్ద బరువులతో పెంచుకొన్న కండలను చూపి, ఇతరులకు స్ప్రింగులు అమ్మెనని విమర్శించినవారు ఉన్నారు. ఆ విమర్శలో నిజము లేకపోలేదు. నేటి ప్రకటనలలోని కండల వీరులు తాము అమ్ము సాధనముతోనే అట్లయిరని నమ్మబోవు ముందు శాండోను ఒకసారి స్మరించుట మంచిది.

అసలైన మార్పు 1902లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జరిగినది. అలన్ కాల్వర్ట్ అను యువకుడు మైలో బార్‌బెల్ కంపెనీ స్థాపించి, బరువు మార్చుకొను బార్‌బెల్లులను, డంబెల్లులను పోస్టు ద్వారా ఇండ్లకు పంపుట ప్రారంభించెను. మొదటివానిలో డొల్ల గోళములు ఉండి, వానిలో సీసపు గుళ్ళు పోసికొనవలసి యుండెను. అది మన ఇసుక గోనె సూత్రమే. తరువాత కడ్డీకి ఇరువైపుల తొడుగు ఇనుప బిళ్ళలు, అనగా ప్లేట్లు, ప్రచారములోనికి వచ్చెను. కంపెనీకి పెట్టిన పేరు క్రోటన్ నగరపు పురాతన మల్లుడు మైలోది. అతడు ఒక దూడను ప్రతిదినము భుజముపై మోసి, అది ఎద్దు అగునప్పటికి ఎద్దును మోయగలిగెనని గాథ. దూడ తనంతట తానే పెరుగును గనుక బరువు మార్చు పని మైలోకు లేకపోయెను. క్వార్టరులో దూడను పెంచుటకు ఎస్టేటు ఆఫీసు ఒప్పుకొనదు గనుక తక్కిన వారికి ప్లేట్లే గతి.

కాల్వర్టు పెట్టెలో వచ్చిన సాధనము చేసిన మేలు ఇది: బలహీనుడు తన గది తలుపు మూసికొని, ఎవ్వరును నవ్వకుండ, తనకు తగిన బరువుతో మొదలు పెట్టగలిగెను. ఊరి గుండు ఈ అవకాశము ఎన్నడును ఇవ్వలేదు.

దక్షిణ భారతములో ఈ పద్ధతికి ప్రచారకుడు బెంగుళూరుకు చెందిన ప్రొఫెసర్ కె. వి. అయ్యర్. తన వ్యాయామశాలలో బార్‌బెల్లులతో పాటు సూర్యనమస్కారములను కూడ నేర్పి, 1930లో మజిల్ కల్ట్, 1936లో పర్‌ఫెక్ట్ ఫిజిక్ అను గ్రంథములు ప్రకటించి, పోస్టు ద్వారా పాఠములు నడిపెను. మైసూరు మహారాజు ఆయనను ఆదరించెను. వంగదేశమున మనోహర్ ఐచ్ చరిత్ర మరింత స్ఫూర్తిదాయకము. వైమానిక దళములో ఉండగా తెల్ల అధికారితో కలహించి చెరసాల పాలై, అక్కడనే బరువుల సాధన సాగించి, నాలుగడుగుల పదునొకండు అంగుళముల ఎత్తు గల ఆయన 1952లో మిస్టర్ యూనివర్స్ పోటీలో తన తరగతిలో గెలిచెను. నూరేండ్లు దాటి జీవించి 2016లో కన్నుమూసెను. విండ్‌షిప్ మరణముతో పుట్టిన భయమునకు ఇంతకంటె సమాధానము అక్కరలేదు. తెలుగువారిలో కృష్ణా జిల్లాకు చెందిన దండమూడి రాజగోపాల్ 1951లో న్యూఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో బరువులెత్తుటలో పతకము గెలిచెను. 1963లో వచ్చిన నర్తనశాల చిత్రమున భీముడుగా కనబడినదియు ఆయనయే.

ఇన్ని పేర్లు చెప్పినను, మార్చుకొను బరువుకు శాస్త్రగౌరవము తెచ్చినది మల్లులు కారు, రెండవ ప్రపంచయుద్ధములో గాయపడిన సైనికులు. చికాగోలోని గార్డినర్ జనరల్ ఆసుపత్రిలో మోకాళ్ళు, తొడలు దెబ్బతిన్న సైనికులు నెలల తరబడి మంచముల మీద నుండిరి. ఆనాటి చికిత్స తేలికపాటి బరువుతో అనేకసార్లు కాలు కదలించుట. దానివలన ఓపిక పెరుగునే గాని కోల్పోయిన కండ తిరిగి రాలేదు. థామస్ డిలోర్మ్ అను యువ సైనిక వైద్యుడు అక్కడ ఉండెను. ఆయన చిన్నతనమున కీళ్ళవాతపు జ్వరముతో మంచము పట్టి, లేచిన పిమ్మట బరువులెత్తి తన శరీరమును తాను తిరిగి నిర్మించుకొన్నవాడు. ఆ అనుభవమును రోగులపై ప్రయోగింప సాహసించెను. ఇనుప పాదరక్షకు ప్లేట్లు తగిలించి, రోగి సరిగా పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువెంతయో కనుగొనెను. వారము వారము ఆ బరువును మరల పరీక్షించి పెంచెను. 1945లో ఆయన ఫలితములను ప్రకటించెను. 1948లో వాట్‌కిన్స్ అను వైద్యునితో కలిసి పద్ధతిని మరింత సులభము చేసి, పదిసార్లు ఎత్తగల బరువులో సగముతో ఒక వరుస, ముప్పాతికతో ఒక వరుస, పూర్తి బరువుతో ఒక వరుస యని నిర్ణయించెను.

దీనిలోని గొప్పతనమును కొంచెము నిలిచి ఆలోచింపవలెను. సగము, ముప్పాతిక, పూర్తి అను మాటలకు అర్థము ఉండవలెనన్న బరువు మారవలెను. ఒకే గుండుతో ఈ చికిత్స జరుగదు. కర్రల ఊతముతో వచ్చిన మనుష్యులు తమ కాళ్ళ మీద ఇండ్లకు పోవుటకు అరకిలో, కిలో బిళ్ళలు కారణమయ్యెను. నేడు మోకాలి శస్త్రచికిత్స తరువాత ఫిజియోథెరపీకి పోవువాడు, భుజము పట్టుకొని చేయి పైకెత్తలేని గుమాస్తా, అందరును డిలోర్మ్‌కు ఋణపడినవారే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూచనలలో పెద్దలందరును వారమునకు కనీసము రెండు దినములు కండలను బలపరచు వ్యాయామము చేయవలెనని చెప్పుటకు వెనుక ఇట్టి అనుభవము ఎంతయో ఉన్నది. 2022 లెక్కలను బట్టి భారతదేశపు పెద్దలలో దాదాపు సగము మందికి, స్త్రీలలో నూటికి 57 మందికి, చాలినంత శరీరశ్రమ లేదని 2024లో వెలువడిన పరిశోధన తెలుపుచున్నది. ఉదయము బస్సులో కూర్చుండి, పగలు కుర్చీలో కూర్చుండి, రాత్రి టెలివిజను ముందు కూర్చుండువారు ఆ సగములో ఉన్నారో లేదో ఎవరికి వారు చూచుకొనవలసినది.

ఇక కొనుటకు పోవువాని సంగతి. అంగడిలో మొదట చూపబడునది పై హద్దు: ఇది 20 కిలోలు, ఇది 24, ఇది 40 అని. చరిత్ర నెరిగినవాడు మొదట అడుగవలసినది పై హద్దు కాదు, మెట్టు. రెండు వైపుల సమముగా తొడుగవలెను గనుక, చిన్న ప్లేటు 1.25 కిలోలైనచో డంబెల్లు ఒక్కొక్క మారు 2.5 కిలోలు పెరుగును. 17 నుండి 19.5 కిలోలకు పోవుట నూటికి పదునైదు వంతుల పెరుగుదల. అదే మెట్టు 4.5 నుండి 7 కిలోలకు పోవునప్పుడు సగమునకు మించిన పెరుగుదల. బలహీనునికి, కొత్తవానికి, వృద్ధునికి, అనగా ఈ సాధనము ఎవరికై పుట్టినదో వారికే, పెద్ద మెట్టు అడ్డుగోడ యగును. అరకిలో ప్లేట్లు నాలుగు అదనముగా తీసికొన్న ఈ చిక్కు చాలవరకు తీరును. 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్సులో శ్రీకాకుళము బిడ్డ కరణం మల్లేశ్వరి మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్యము గెలిచెను. స్వర్ణ రజత విజేతలిద్దరి మొత్తము 242.5 కిలోలు. ఆనాటి నిబంధనలలో అది ఒకే ఒక మెట్టు.

మెట్టు తరువాత లెక్క. 2 కిలోల కడ్డీకి 1.25, 2.5, 5 కిలోల ప్లేట్లు రెండేసి చొప్పున ఉన్నవనుకొందము. వానిని కలిపి విడదీసిన 2, 4.5, 7, 9.5, 12, 14.5, 17, 19.5 అని ఎనిమిది బరువులు వచ్చును. జతకు కావలసిన ఇనుము 39 కిలోలు. ఈ ఎనిమిది బరువులను విడివిడి డంబెల్లులుగా జతలు కొన్నచో 172 కిలోలు. ధర, స్థలము, బదిలీ వచ్చినప్పుడు లారీ కిరాయి, అన్నియు ఈ తేడాలోనే ఉన్నవి. బదిలీ ఉద్యోగులు ఈ లెక్కను ఒకటికి రెండుసార్లు చూడదగును.

కడ్డీ, ప్లేట్లు, మర బిగించు నట్టు గల పాత పద్ధతి నేటికిని చవుకయైనది, మొండిది. మీరట్, జలంధర్ పట్టణములలో తయారై దేశమంతట దొరకుచున్నది. దానిలోను రకములు కలవు. ప్లాస్టికు తొడుగులో సిమెంటు నింపిన ప్లేట్లు చవుక, కాని ఇనుముతో పోల్చిన సిమెంటు సాంద్రత మూడవ వంతు మాత్రమే గనుక అదే బరువుకు ప్లేటు మూడింతలు లావుండును. కడ్డీ త్వరగా నిండిపోవును, డంబెల్లు పొడవై మోచేతికి తగులును. పగిలిన నేలంతయు పొడి. ఇనుము మేలు. విశాఖ, కాకినాడల వంటి సముద్రతీరపు ఊళ్ళలో మాత్రము రంగు లేని ఇనుము ఒక్క వానాకాలమునకే తుప్పు పట్టును గనుక రబ్బరు తొడుగు గలదో, మంచి పూత గలదో చూడవలెను. కడ్డీ నడుమ చెక్కిన గరుకు గీతలు చెమట చేతికి పట్టునిచ్చును. నున్నని పిడి చూచుటకు అందము, వాడుకకు ప్రమాదము. నట్టు లోపల రబ్బరు వలయము ఉన్నచో ఊపునప్పుడు వదులు కాదు.

ఈ పద్ధతిలో లోపము ఆలస్యము. ఒక వరుసకు మరియొక వరుసకు నడుమ నాలుగు నట్లు విప్పి బిగించునప్పటికి ఒడలు చల్లబడును. 1990లలో అమెరికాలో దీనికి పరిష్కారము వెలువడెను. పవర్‌బ్లాక్ అనునది ఒకదానిలో ఒకటి ఇమిడిన పెట్టెల వలె ఉండును. ఒక మేకు వంటి కడ్డీని కావలసిన అంతస్తులో గ్రుచ్చి పైకెత్తిన అంతవరకే వచ్చును. తరువాత 2004 ప్రాంతమున బోఫ్లెక్స్ కంపెనీ చక్రము త్రిప్పు రకమును ప్రచారములోనికి తెచ్చెను. డంబెల్లు ఒక ఊయల వంటి పీటలో కూర్చుండును. కొనలనున్న చక్రమును అంకెకు త్రిప్పిన, లోపలి పళ్ళు ఆ సంఖ్యకు తగిన ప్లేట్లను పట్టుకొనును, తక్కినవి పీటలోనే మిగులును. 5 పౌన్ల నుండి 52.5 పౌన్ల వరకు పదునైదు బరువులు ఒక్క త్రిప్పుతో.

ఇట్టి యంత్రమును చూచి ముచ్చటపడనివారు ఉండరు. కాని మూగ గంటలో చెడిపోవుటకు ఏమియు లేదు, దీనిలో ఉన్నది. 2025 జూన్‌లో అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ ప్రకటన ననుసరించి, ఈ రకపు డంబెల్లులు సుమారు 38 లక్షలు వెనుకకు తీసికొనబడెను. వాడుకలో ఉండగా ప్లేట్లు ఊడి పడుటయే కారణము. నూరుకు పైగా గాయములు నమోదైనవి. వానిలో అధికభాగమును అమ్మిన కంపెనీ అంతకు ముందే, 2024లో, దివాలా పిటిషను వేసి యుండెను. చక్రపు రకము కొనరాదని దీని అర్థము కాదు. కొన్నవాడు ఎన్నడును దానిని నేలపై పడవేయరాదు, పీట నుండి తీయగానే కొంచెము ఎత్తులో నిలిపి రెండు కొనలను చూచుకొనవలెను, వెల్లకిల పండుకొని ముఖముపై ఎత్తుటకు ముందు తప్పక చూచుకొనవలెను. మరియొక మాట. వీనిలో అనేక రకములకు పొడవు తగ్గదు, రెండు కిలోలకు పెట్టినను ఇరువది కిలోల పొడవే ఉండును. చిన్న చేతులవారికి అది ఇబ్బంది.

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ ప్రారంభమై వ్యాయామశాలలు మూతపడినప్పుడు, ఇంటి డంబెల్లులకు ఎన్నడును లేని గిరాకి వచ్చెను. అంగళ్ళలో సరకు లేదు, ఉన్నచోట ధర హెచ్చెను. నీళ్ళ సీసాలతోను, బియ్యపు సంచులతోను, ఇటుకలతోను కాలము గడిపినవారు ఎందరో. సోమేశ్వరుని గోనె ఎనిమిది వందల ఏండ్ల తరువాత మరల వాడుకలోనికి వచ్చినదన్నమాట. ఆగస్టు 5 నుండి వ్యాయామశాలలు తెరచుటకు అనుమతి లభింపగా, కొన్న సాధనములలో చాలభాగము మంచముల క్రిందికి చేరెను. నేడు సగము ధరకు అమ్మకమునకు వచ్చు జతలలో అవి అనేకము.

పాత జతను కొనుటలో తప్పేమియు లేదు, ఇనుమునకు వయసు లేదు. వయసు మరకు, నట్టుకు, ప్లాస్టికు పళ్ళకు ఉండును. నట్టును వ్రేళ్ళతో చివరి వరకు త్రిప్పి చూడవలెను. నడుమ పట్టివేసినచో మర అరిగినది. కడ్డీని బల్లపై దొర్లించిన వంకర తెలియును. ప్లేట్లపై అచ్చువేసిన అంకెను నమ్మక, పాత సామానుల వాని కాటాలోనో కూరగాయల వాని కాటాలోనో ఒక్కొక్కటి తూచుట మేలు. ఒకే అంకె గల రెండు బిళ్ళలు నూరు గ్రాములు తేడాగా ఉండుట అరుదు కాదు. ఆ తేడాను మణికట్టు మొదటి వారములోనే పసిగట్టును.